పాలు తగ్గించకు చెల్లీ, వారం వడ్డీ తగ్గించు

ఇంటి లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా ఆయన బేల్దారి (తాపీ) పని చేస్తాడు. రోజుకు 900 కూలి. మునుపు వారానికి ఆరు రోజులు పని ఉండేది, ఏడాదిగా నాలుగు రోజులే దొరుకుతోంది. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడతాను, వారానికి 600 వస్తాయి. ఇంటి బాడుగ 4,500. పాప పదో తరగతి, బాబు ఆరో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు వచ్చే 4,000 పింఛను ఆమె మందులకూ పిల్లల పుస్తకాలకూ పోతుంది. పాప పై చదువుకని మా వీధిలో ఒకామె దగ్గర 40,000 చీటీ వేశాను. 20 మంది, నెలకు 2,000. 12 నెలలు కట్టాను, ఇంకా ఎత్తలేదు. మధ్యలో ఇబ్బంది వచ్చి వారం ఫైనాన్స్ రెండు తీసుకున్నా. 10,000 అని రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, వారానికి 1,000 చొప్పున పది వారాలు కట్టాలి. ఒకటి ఇంకా ఆరు వారాలు, ఇంకొకటి తొమ్మిది వారాలు ఉంది. రెండోది తెచ్చిన సంగతి మా ఆయనకు తెలియదు. ఖర్చు తగ్గించాలని లీటరు పాలు అర లీటరు చేశాను. కూరగాయలు తగ్గించాను. రాత్రిపూట నేను మజ్జిగ తాగి పడుకుంటున్నా. అయినా వారం తిరిగేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఇంకేం తగ్గించమంటారు?
— ఒక సోదరి, అనంతపురం

జవాబు: చెల్లీ, రేపటి నుంచి మళ్లీ లీటరు పాలు పోయించుకో. రాత్రి అందరితో కూర్చుని అన్నం తిను. ఇది ముందు చెప్పాలనిపించింది, మిగతా లెక్క తర్వాత.

ఇదే ఊళ్లో 20 ఏళ్లకు పైగా పోస్టాఫీసు ఆర్డీ (నెల నెలా కట్టే పొదుపు) ఏజెంటుగా తిరుగుతున్నాను. నెల మొదటి పదిహేను రోజులు కార్డులు సంచిలో వేసుకుని పాత ఊరు, గుల్జార్‌పేట సందుల్లో ఇల్లిల్లూ ఎక్కి దిగుతాను. వరండాలో కూర్చున్నప్పుడు వంటింట్లో ఏముందో ఏం లేదో కనపడుతుంది. చేతికి డబ్బు తక్కువ రాగానే ఆడవాళ్లు మొదట తమ కంచంలోది తగ్గించుకుంటారు, ఆ తర్వాత పిల్లల పాలు తగ్గిస్తారు. వడ్డీ జోలికి మాత్రం పోరు. అది తగ్గేది కాదు, కట్టాల్సిందే అనుకుంటారు. నువ్వూ అలాగే చేశావు. నీ తప్పేం లేదు, ఇలా లెక్క వేసి చూపించినవాళ్లు లేరు, అంతే.

నీ ఉత్తరంలోని అంకెలే తీసుకుని వేశాను, చూడు. నాలుగు రోజుల కూలి 3,600, నీ ఫాల్స్ డబ్బు 600. వారానికి 4,200. అందులో వారం ఫైనాన్స్ రెండింటికీ కలిపి 2,000. బాడుగను నాలుగు వారాలకు పంచితే వారానికి 1,125. చీటీ 500. ఈ మూడూ పోతే మిగిలేది 575 రూపాయలు. అంటే ఐదుగురు మనుషులకు రోజుకు 82 రూపాయలు. గ్యాసు, కరెంటు, నూనె, సబ్బు అన్నీ అందులోనే. ఈ డబ్బుతో ఇల్లు నడపడం ఎవరి వల్లా కాదమ్మా. అందుకే ఒక ఫైనాన్స్ తీరకముందే రెండోది తెచ్చావు. ఇలాగే ఉంటే ఆరో వారంలో మూడోది తెస్తావు.

ఇప్పుడు ఆ వారం వడ్డీని దగ్గరగా చూద్దాం. చేతికి 8,500 ఇచ్చి 10,000 కట్టించుకుంటున్నారు. వడ్డీ 1,500. పది వారాలంటే రెండు నెలల పది రోజులు కాబట్టి నూటికి నెలకు ఏడున్నర పడుతుందేమో అనుకుంటాం. అంత కాదు, ఇంకా ఎక్కువ. మొదటి వారమే వెయ్యి వెనక్కి ఇచ్చేస్తున్నావు, రెండో వారం ఇంకో వెయ్యి. ఐదు వారాలు తిరిగేసరికి నీ దగ్గర ఉన్నది దాదాపు సగమే. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజే 8,500 మొత్తానికీ కోసేసుకున్నారు. ఎప్పటికప్పుడు నీ దగ్గర ఉన్న అసలు మీద లెక్క కడితే నెలకు నూటికి 13 రూపాయల పైన పడుతుంది. మన పక్క నూటికి మూడు అంటేనే అమ్మో అంటాం. ఇది 13.

ఇంకో రకంగా చెప్తా. ఒక్కో అప్పుకు వారానికి 150, రెండింటికీ కలిపి వారానికి 300 వడ్డీ కింద పోతోంది. అర లీటరు పాలు మానేస్తే నీకు వారానికి మిగిలింది మహా అయితే 200. పిల్లల నోటి దగ్గర పాలు తీసి నువ్వు మిగిల్చినదంతా ఆ వడ్డీకి కూడా చాలలేదు. ఈ లెక్క వేశాక కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

ఇక చీటీ. అది పొదుపే, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించు. 12 నెలలుగా నువ్వు కట్టిన డబ్బు, పాట తగ్గింపులు పోయినా 20,000 పైనే, ఆమె దగ్గర ఉంది. అదే సమయంలో 17,000 బయట నుంచి 13 రూపాయల వడ్డీకి తెచ్చుకున్నావు. నీ డబ్బు నీకు ఉండగానే అప్పు చేశావు. ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి నీకు గట్టిగా చెప్పగలుగుతున్నా.

2002లో కరువు. మా ఆయన అప్పుడు శనక్కాయల మిల్లులో గుమాస్తా. కాయ పండకపోతే మిల్లుకు పని ఉండదు, మిల్లుకు పని లేకపోతే గుమాస్తాకు జీతం ఉండదు. నాకు వీధిలో ఒక చీటీ ఉండేది. ఎత్తుకుంటే పాటలో మూడు వేలు పోతాయని ప్రాణం ఒప్పలేదు. చివరి దాకా ఆగితే మొత్తం వస్తుంది కదా అని, ఇంటి ఖర్చుకు నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చుకున్నా. చీటీ నడిపే ఆమె ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. పొద్దున వెళ్లి చూస్తే తలుపుకు తాళం, అరుగు మీద మా లాంటివాళ్లు పదిమంది. 18,000 పోయాయి. అప్పు మాత్రం అలాగే ఉంది, అది తీర్చడానికి మూడేళ్లు పట్టింది. ఆ తర్వాతే నేను ఈ ఏజెంటు పనిలోకి వచ్చాను.

చిట్‌ఫండ్స్ చట్టం 1982 నుంచి ఉంది. చీటీ నడపాలంటే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవాలి. వీధి చీటీల్లో ఆ పని చేసేవాళ్లు అరుదు. మీ వీధిలో ఆమె మంచి మనిషే అయి ఉండొచ్చు. కానీ ఈ కష్టకాలంలో ఆమెకు కట్టాల్సిన ఇరవై మందిలో నలుగురు కట్టకపోతే ఆమె మంచితనం నీ డబ్బు తెచ్చివ్వలేదు.

కాబట్టి వచ్చే నెల పాటలో చీటీ ఎత్తు. హామీ సంతకాలు అడుగుతారు, ముందే ఇద్దరిని మాట్లాడి పెట్టుకో. పాటలో 5,000 పోయి 35,000 చేతికి వస్తుందనుకుందాం. ఆ డబ్బు ఇంట్లో బీరువాలో పెట్టొద్దు, అదే రోజు నీ పేరు మీద ఉన్న ఖాతాలో వేసెయ్. దాన్ని మనసులో మూడు భాగాలు చేసుకో. 15,000 వారం ఫైనాన్సులకు. 16,000 చీటీకి మిగిలిన ఎనిమిది నెలల వాయిదాలకు. మిగిలిన 4,000 జూన్‌లో బడులు తెరిచినప్పటికి.

ఫైనాన్స్ మొత్తం ఒకేసారి కట్టేస్తే వడ్డీలో ఏమైనా తగ్గిస్తారా అని అడుగు. తగ్గిస్తే వెంటనే కట్టేసి, వాళ్లు వాయిదాలు రాసే రెండు కార్డులూ చింపించుకో. తగ్గించకపోతే తొందరపడి కట్టడం వల్ల నీకు లాభం లేదు. ప్రతి వారం ఖాతాలోంచి తీసి కట్టు, కూలి డబ్బు ముట్టుకోవద్దు. తొమ్మిదో వారానికి రెండూ తీరిపోతాయి. "మంచిగా కట్టావమ్మా, ఈసారి 20,000 ఇస్తాం" అంటారు. వద్దు అని చెప్పు. నా చేతుల మీదుగా చూసిన ఇళ్లలో ఎక్కువ మునిగింది మొదటి అప్పుతో కాదు, ఇలా మెచ్చుకుని ఇచ్చిన రెండో మూడో అప్పుతోనే.

ఇలా చేస్తే చీటీ డబ్బు చేతికొచ్చిన వారం నుంచే నీ 4,200లో బాడుగ 1,125 పోను 3,075 ఇంటికి ఉంటుంది. 575 ఎక్కడ, 3,075 ఎక్కడ!

మీ ఆయనకు చెప్పకుండా చీటీ ఎత్తలేవు, ఎత్తకూడదు కూడా. నీ ఉత్తరంలో ఆయన గురించి ఒక్క చెడ్డ మాట లేదు. తాగుతాడని రాయలేదు, కొడతాడని రాయలేదు. పని దొరక్క ఆయన కూడా లోపల కుమిలిపోతూ ఉండి ఉంటాడు. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేటప్పుడు చెప్పొద్దు, వారం కూలి చేతికొచ్చే బట్వాడా రోజు రాత్రి అసలే వద్దు. ఆదివారం పొద్దున కాఫీ ఇచ్చాక, ఈ పత్రిక పక్కన పెట్టుకుని, కాగితం మీద 4,200 రాయి. ఒక్కొక్కటే ఆయన చేతనే తీసివేయించు. 575 దగ్గరికి వచ్చేసరికి ఆయనే అడుగుతాడు, మరి ఇన్నాళ్లూ ఎలా నడిపావు అని. అప్పుడు చెప్పు. కోపం వస్తే రానీ, ఒక పూట ఉంటుంది. అప్పు దాచి పెట్టుకుంటే వచ్చే టెన్షన్ ఏళ్లు ఉంటుంది. పదో తరగతి పాప కూడా పక్కన ఉంటే మంచిదే. లెక్క పిల్లలకు తెలియడం వల్ల పిల్లలు చెడిపోరు.

పత్రికల్లో నెల బడ్జెట్ వేయమంటారు. వారం కూలీకి బతికే ఇంటికి ఆ లెక్క కుదరదు. నీకు నెల లేదు, బట్వాడా నుంచి బట్వాడాకే. అందుకని డబ్బు రాగానే అంగడికి పోకముందే బాడుగ 1,125 తీసి పక్కన పెట్టు. వీలైతే ఇంటివాళ్లకు వారం వారం ఇచ్చేసి పుస్తకంలో రాయించుకో. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ చేతిలో డబ్బు ఆడుతుంది.

వంటింటి సంగతి రెండే చెప్తాను. మా అమ్మ నూనె సీసాకు దారం కట్టేది. ఆదివారం సీసా నింపి, వచ్చే ఆదివారానికి నూనె ఎక్కడికి దిగాలో అక్కడ ఎర్ర దారం చుట్టేది. బుధవారానికే దారం దాకా వచ్చిందంటే మిగతా మూడు రోజులు బజ్జీలు లేవు, వేపుడు లేదు, పప్పూ పచ్చడీ. ఎవరినీ ఏమీ అనేది కాదు, దారం చూపించేది. నేను ఇప్పటికీ కడతాను.

రెండోది రేషన్ బియ్యం. నువ్వు రాయలేదు కానీ మన ఊళ్లో సగం ఇళ్లలో చూస్తున్నా. మనిషికి ఐదు కిలోల చొప్పున నీకు 25 కిలోలు వస్తాయి. వాటిని కిలో పదికో పన్నెండుకో ఇంటి ముందుకొచ్చినవాడికి పోసి, అంగట్లో సోనా మసూరి కొంటారు. అలా అమ్మడం చట్టప్రకారం తప్పు, లెక్క ప్రకారం అంతకన్నా పెద్ద తప్పు. సంగటిలోకి సన్నబియ్యం ఎందుకు చెల్లీ? రాగి సంగటికి, దోసెల పిండికి, చిత్రాన్నానికి రేషన్ బియ్యం బాగానే ఉంటుంది. పగటి అన్నానికి మాత్రం సన్నబియ్యం కొనుక్కో. ఆ బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలితే ప్లాస్టిక్ అని పారబోయొద్దు. కొన్నేళ్లుగా ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చిన గింజలు అందులో కలుపుతూ వచ్చారు. పాపకు, నీకు ఆ గింజలే కావాలి.

ఎత్తున కట్టెల మీద నిలబడి పనిచేసే మనిషి ఇంట్లో ఉన్నాడు. ఇది మరిచిపోవద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ తమ ఖాతా మీద చేయించుకోవచ్చు. జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది, కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో 20 రూపాయలు ఉండాలి. ఆ 20 లేక బీమా ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. అలాగే కార్మిక శాఖ ఆఫీసులో భవన నిర్మాణ కార్మికుడిగా ఆయన పేరు నమోదు చేయించు. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే చాలు.

ఇంకో పని: మీ వార్డులో మెప్మా (పట్టణాల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు చూసే ప్రభుత్వ సంస్థ) పొదుపు సంఘం ఎక్కడుందో కనుక్కుని చేరు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఆడవాళ్లు చిన్న చిన్న పొదుపులతో మొదలుపెట్టి మండలమంతా సమాఖ్య కట్టుకున్నది 1990లలోనే. సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరుకుతుంటే వారం ఫైనాన్స్ వాడు మీ సందులోకి వచ్చే పని ఉండదు. చేరగానే అప్పు ఇవ్వరు, కొన్ని నెలలు పొదుపు కట్టాలి. అందుకే ఇబ్బంది రాకముందే చేరాలి.

చివరగా, ఆర్డీ. నువ్వు కడితే నాకు నూటికి 4 రూపాయల కమీషన్ వస్తుంది. అయినా చెప్తున్నా, ఇప్పుడు నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా ఆర్డీ మొదలుపెట్టొద్దు. పోస్టాఫీసు ఏడాదికి 6.7 శాతం ఇస్తుంది. నువ్వు కట్టే వడ్డీ నెలకే 13. తొమ్మిది వారాలు గడిచి, రెండు కార్డులూ చిరిగాక మొదలుపెట్టు. నెలకు 100 రూపాయలతోనైనా తీసుకుంటారు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావారి బట్టల అంగడి దెబ్బతింది. 60,000 కావాలి. తెలిసిన సేటు ఒకరు గాజులు పెట్టుకుని నూటికి రెండుకు ఇస్తానన్నారు, కాగితాల గొడవ లేదన్నారు. బ్యాంకుకు పోతే నలుగురూ చూస్తారని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. గాజులు అమ్మేయడం మంచిదా?
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, కాగితాల గొడవ లేదు అన్న మాటే నన్ను భయపెడుతోంది. గాజుల బరువు, అప్పు మొత్తం, వడ్డీ, తేదీ రాసిన రసీదు లేకుండా బంగారం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. 60,000కు నూటికి రెండంటే ఏడాదికి 14,400. బ్యాంకులో 9 శాతం అనుకుంటే 5,400. నలుగురూ చూస్తారన్న భయానికి ఏడాదికి 9,000 కడతామా అని అత్తగారినే మెల్లగా అడగండి. ఆమెకూ లెక్క తెలుసు, బంగారం ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. మీకు పొలం పాసు పుస్తకం ఉంటే పంట రుణం గురించి కూడా అడగండి. 3 లక్షల దాకా 7 శాతం, గడువులోగా తీర్చేస్తే 4 శాతమే పడుతుంది.

అమ్మడం సంగతి: ఏడాదిలో విడిపించగలమన్న నమ్మకం ఉంటే అమ్మొద్దు. మళ్లీ చేయించుకునేటప్పుడు తరుగు, మజూరీ కొత్తగా పోతాయి. అంగడి ఇంకా రెండు మూడేళ్లు లేవదనిపిస్తే మాత్రం వడ్డీ కడుతూ కూర్చోవద్దు. ఒక జత అమ్మి అప్పు లేకుండా ఉండండి. చాలామంది ఏళ్ల తరబడి వడ్డీ కట్టి, చివరికి వేలంలో పోగొట్టుకుంటారు.

ప్రశ్న: కరెంటు బిల్లు భరించలేకపోతున్నాం. ఇంట్లో మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరుగుతాయి. కరెంటు తక్కువ తీసుకునే కొత్త రకం ఫ్యాన్లకు మారమంటారా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కర్నూలు ఎండల్లో ఫ్యాన్ ఆపమని చెప్పను. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది, మీరడిగిన కొత్త రకం, అంటే బీఎల్‌డీసీ ఫ్యాన్, 30 వాట్ల చుట్టుపక్కల. 15 గంటలకు లెక్క కడితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్‌కు 6 రూపాయల స్లాబులో ఉంటే 120 రూపాయలు. ఫ్యాన్ ఖరీదు తిరిగి రావడానికి రెండేళ్లు పడుతుంది. కాబట్టి బాగా తిరుగుతున్న మూడింటినీ ఒకేసారి పీకి వాయిదాల మీద కొత్తవి కొనొద్దు. పాతది కాలిపోయినప్పుడు వైండింగ్ చేయించకుండా అప్పుడు మార్చండి, ముందు అందరూ పడుకునే గదిలోది. ఈలోపు ఫ్రిజ్ గోడకు ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి. వెనక వేడి పోయే దారి లేకపోతే అది రాత్రంతా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.